తాతగారి .315 రైఫిల్‌కి రెడ్ డాట్ పెట్టాలంటే కర్ర మార్చాల్సిందేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. ఉదయగిరి వైపు కొండ కింద మీకు పొలం ఉంది. తాతగారి పేరున ఉండిన ఇషాపూర్ .315 రైఫిల్ వారసత్వంగా మీ లైసెన్స్‌లోకి ఎక్కింది. మీకు యాభై దాటాయి, చత్వారం వచ్చింది, వెనక సైటు మసకమసకగా కనిపిస్తోంది. రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపే బ్యాటరీ సైటు) పెట్టించుకుందామని అడిగితే ఎవరో "ఈ కర్ర మీద డాట్ నిలవదు, కర్ర పీకేసి నల్ల ప్లాస్టిక్ స్టాక్ వేయించు, పైన డాట్ బిగించే రైలు పట్టీ కొట్టించు" అన్నారట. నిజమేనా అని మీ సందేహం. చివర్లో మీ అబ్బాయి ఎయిర్ రైఫిల్ సంగతి కూడా అడిగారు.

నిజం కాదు. కర్ర మార్చొద్దు, బాడీకి బెజ్జాలు కొట్టించొద్దు. రెడ్ డాట్ మాత్రం నిక్షేపంగా పెట్టుకోవచ్చు. వెనక సైటు తీసి, అది కూర్చున్న ఇనప దిమ్మ మీదే బిగిసే మౌంటు (డాట్‌ను పట్టి ఉంచే బిగింపు) వేయించుకోండి. తీసిన సైటు, దాని పిన్ను, స్ప్రింగు ఒక డబ్బాలో వేసి దాచండి. రేపు మీ అబ్బాయికి పాత రూపమే కావాలనిపిస్తే పది నిమిషాల్లో మళ్లీ ఎక్కించేయొచ్చు. అయితే డాట్ కొనడానికి ముందు ఆ రైఫిల్ కర్రలో ఎలా కూర్చుందో ఒకసారి విప్పి చూపించుకోండి. ఆ పని ఎగ్గొట్టి ఎంత ఖరీదైన డాట్ కొన్నా దండగే.

నేను ఆర్మీలో మరమ్మతులు చూసే ఈ.ఎం.ఈ. విభాగంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, 22 ఏళ్లు చేశాను. దిగి వచ్చాక నెల్లూరులో లైసెన్స్ ఉన్న ఒక ఆయుధాల షాపులో రిపేరు బల్ల దగ్గర తొమ్మిదేళ్లు కూర్చున్నాను. మన జిల్లాలో, పక్కన ప్రకాశంలో ఉన్న పాత .315లు చాలానే నా చేతిమీదుగా పోయాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను.

"కర్ర మీద డాట్ నిలవదు" అనే మాట ఎక్కడినుంచి పుట్టిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. కర్ర కదులుతుంది. వానాకాలంలో మన ఇళ్లలో తలుపులు బిగుసుకుపోయి, ఎండాకాలంలో మళ్లీ వదులవుతాయి కదా, రైఫిల్ కర్రకూ అదే గతి. నిలువునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. రోహిణి కార్తెలో ఎండి బిగదీసుకున్న కర్ర, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య వానల్లో, అందులోనూ తుపాను గాలికి, తేమ పీల్చి ఉబ్బుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇది ఇంకాస్త ఎక్కువ. కాబట్టి డాట్‌నో స్కోపునో కర్రకు మరలతో బిగిస్తే గురి నిలవదు, ఇది నిజమే. కానీ డాట్‌ను కర్రకు బిగించమని ఎవరన్నారు? ఇనుముకు బిగిస్తాం. అప్పుడు కర్ర ఏ రంగుదైనా, ప్లాస్టిక్‌దైనా డాట్‌కు సంబంధం లేదు.

మిగతా సగం నిజం ఇంకోటుంది, అది చాలామందికి తెలియదు. డాట్ ఇనుము మీదే ఉన్నా, ఉబ్బిన కర్ర బ్యారెల్‌ను పక్కకు నెడితే తూటా పక్కకు పోతుంది. అప్పుడు అందరూ డాట్‌ను తిడతారు.

కావలి దగ్గర ఒక రైతు, రొయ్యల గుంటలు కూడా ఉన్నాయి ఆయనకు. మే నెలలో ఆయన రైఫిల్‌కి డాట్ పెట్టి రేంజిలో జీరో చేయించాం, అంటే చుక్క ఉన్న చోటే తూటా పడేలా సరిచేశాం. యాభై మీటర్లలో మూడు రౌండ్లూ అగ్గిపెట్టె అంత చోటులో పడ్డాయి. నవంబర్లో ఫోన్: "ఏందన్నా, నువ్వు పెట్టింది పనికిమాలిందిగా ఉందే, జానెడు ఎడమకు కొడతా ఉంది." తీసుకురమ్మన్నాను. డాట్‌ను ముట్టుకోలేదు. పాత పది రూపాయల నోటు ఒకటి మడిచి ముందు కర్రకూ బ్యారెల్‌కూ మధ్య పెట్టి లాగాను. ఎడమవైపు సాఫీగా జారింది, కుడివైపు దూరనే లేదు. అంటే కుడివైపు కర్ర ఉబ్బి బ్యారెల్‌ను ఎడమకు నెడుతోంది. విప్పితే లోపల కర్ర పచ్చిగా, తెల్లగా ఉంది. ఆయన ఏటా పైన అవిసె నూనె పూసి అద్దంలా మెరిపిస్తున్నాడు, లోపల గాడిలో ఎన్నడూ చుక్క పడలేదు. నీళ్లు పీల్చేది అక్కడినుంచే. నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, తగిలే చోట మాత్రం గీకి, లోపలంతా అవిసె నూనె మూడు పూతలు వేశాం. మళ్లీ బిగించాక, డాట్‌ మీద గురి సరిచేసే మరను ఒక్క క్లిక్కు కూడా తిప్పకుండా, తూటా దాదాపు పాత చోటికే వచ్చింది.

ఇక మీ రైఫిల్ లోపలి సంగతి. ఇషాపూర్ .315కి మూలం బ్రిటిష్ సైన్యపు పాత రైఫిల్ లీ ఎన్‌ఫీల్డే. అప్పట్లో సైన్యం వాడిన .303 తూటా పౌరుల చేతికి పోకూడదని వేరే తూటాతో చేసిన స్పోర్టింగ్ రైఫిల్ అది. ఎన్‌ఫీల్డ్ కుటుంబంలో కర్ర ఒక్కటే ముక్క కాదు, వెనక బట్టు వేరు, ముందు ఫోర్‌ఎండ్ వేరు. ఇక్కడే చేయి తిరగని వాళ్లు కర్రను పాడుచేస్తారు. నంబర్ 1 అనే ఎన్‌ఫీల్డ్ మోడల్ పద్ధతిలో కట్టిన రైఫిల్లో ఫోర్‌ఎండ్ తీయకుండా బట్టు బోల్టును తిప్పకూడదు. ఆ బోల్టు కొస నలుపలకలుగా ఉండి ఫోర్‌ఎండ్ వెనక ఒక రేకులో ఇరుక్కుని ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్క తిప్పు తిప్పితే ఆ రేకు తిరిగి ఫోర్‌ఎండ్ వెనక భాగాన్ని పుల్లలా చీలుస్తుంది. చీలిన ఫోర్‌ఎండ్‌తో గురి కలలో మాటే. యూట్యూబ్ చూసి ఇంట్లో విప్పిన వాళ్లవి ఇలాంటివి నాలుగైదు అతికించాను.

ఇంకోటి, ట్రిగర్ గార్డు ముందు స్క్రూ. దాని చుట్టూ కర్రలో చిన్న ఇనప గొట్టం, కాలర్ అంటాం, ఉండాలి. అది ఉంటే స్క్రూ ఎంత బిగించినా ఇనుము ఇనుముకు ఆనుతుంది, కర్ర నలగదు. పాత రైఫిళ్లలో చాలాసార్లు ఆ కాలర్ ఎక్కడో పోయి ఉంటుంది. పోయిన సంగతి తెలియక ఏటా ఒక పావు తిప్పు బిగిస్తూ పోతే కర్ర నలిగి, బాడీ కిందికి కూర్చుంటుంది. ఈ రెండూ చూడమని గన్‌స్మిత్‌కి పేరు పెట్టి చెప్పండి. అలాగే ఎవరైనా "బ్యారెల్ చుట్టూ కర్ర మొత్తం గీకి ఖాళీ చేద్దాం, ఫ్రీ ఫ్లోట్" అంటే వెంటనే ఒప్పుకోకండి. కొన్ని ఎన్‌ఫీల్డ్‌లకు ఫోర్‌ఎండ్ కొస బ్యారెల్‌ను కింద నుంచి కొంచెం ఎత్తి పట్టేలా కావాలనే చేశారు. అది తీసేస్తే గ్రూపింగ్ పెద్దదవుతుంది, అంటే తూటాలు చెదిరి పడతాయి.

బెజ్జాలు ఎందుకు వద్దంటున్నానో ఒక కేసు చెబితే చాలు. ప్రకాశం జిల్లా నుంచి ఒకాయన, పేరూ ఊరూ వద్దులెండి, తన రైఫిల్‌ను ఒక లేత్ షాపుకు తీసుకెళ్లి బాడీ మీద రైలు కొట్టించుకున్నాడు. రైఫిల్ బాడీ గట్టి ఉక్కు, వేడిచేసి గట్టిపరిచిన ఉక్కు. మామూలు బిట్టు ఒకటి లోపల విరిగి ఇరుక్కుపోయింది. దాన్ని తప్పించి పక్కన ఇంకో బెజ్జం వేశారు, అది నడుమ గీతకు రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. విదేశీ మౌంట్లకు సన్న పళ్ల స్క్రూలు వస్తాయి, ఆ పళ్లు కోసే ట్యాపు మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరకదు. దాంతో ఉన్న ఎం4 ట్యాపు దించారు. రైలు వంకర, డాట్‌లో తిప్పడానికి క్లిక్కులు అయిపోయినా గురి కుడికే. ఆ బెజ్జాలు పూడ్చవచ్చు, కానీ ఆ రైఫిల్ మళ్లీ పాత రైఫిల్ కాదు. పైగా 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేని వాడు తుపాకీ రిపేరు చేయడమే నేరం, మార్పులు చేయడం ఇక చెప్పక్కర్లేదు. లేత్ షాపు వాడూ ఇరుక్కుంటాడు, ఇచ్చిన మీరూ ఇరుక్కుంటారు.

ఎన్‌ఫీల్డ్‌లో ఇంకో సుఖం ఉంది. తూటాను చాంబర్‌లోకి నెట్టే బోల్టు పిడి దాదాపు 60 డిగ్రీలే లేస్తుంది, మౌజర్‌లా 90 కాదు. సేఫ్టీ ఎడమ పక్కన ఉంటుంది. కాబట్టి పైన ఏదైనా పెట్టినా చేయి తగలదు. కానీ మ్యాగజైన్‌లోకి పైనుంచి రౌండ్లు నింపే అలవాటు మీకుంటే, బాడీ మీద స్కోపు కూర్చుంటే వేళ్లు దూరవు. ముందు, బ్యారెల్ మీది దిమ్మపై చిన్న డాట్ పెడితే ఆ గొడవే లేదు. డాట్‌కు కన్ను ఇంత దూరంలోనే ఉండాలన్న నియమం ఏమీ లేదు, చెయ్యంత దూరంలో ఉన్నా చుక్క చుక్కే. మామూలు స్కోపు అయితే కన్ను ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. ఇంకా దగ్గరికి పెట్టుకుంటే రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ మీద అర్ధచంద్రం పడుతుంది. నాకూ ఒకటి ఉంది, 1990ల నాటిది.

చత్వారానికి డాట్ మంచి మందే. ఇనప సైట్లలో వెనక గాడి, ముందు మొన, దూరంగా టార్గెట్, ఈ మూడూ ఒకేసారి స్పష్టంగా కనపడాలంటే ఇరవై ఏళ్ల కన్ను కావాలి. డాట్‌లో టార్గెట్‌నే చూస్తారు, చుక్క దాని మీదే తేలుతుంది. కానీ కొనే ముందు మీ కంట్లో సిలిండర్ పవర్ ఉందేమో కళ్లద్దాల చీటీ చూసుకోండి. ఉంటే ఎర్ర చుక్క గుండ్రంగా కనపడదు, తోకచుక్కలాగో, చితికిన దానిమ్మ గింజలాగో కనపడుతుంది. జనం డాట్ పాడైందని వెనక్కి ఇచ్చేస్తారు. ఫోన్ కెమెరాతో డాట్‌లోంచి చూడండి. ఫోన్‌లో గుండ్రంగా ఉంటే తప్పు డాట్‌ది కాదు. అలాంటి వాళ్లకు దూరపు అద్దాలు పెట్టుకుని చూడమంటాను, వెలుగు తగ్గించమంటాను. అప్పటికీ కుదరకపోతే డాట్ వదిలేసి, వెనక చిన్న రంధ్రం ఉండే పీప్ సైటు వేయించుకోమంటాను. బ్యాటరీ లేదు, కర్రకు తగ్గ అందం, చత్వారానికీ బాగా పనిచేస్తుంది. నన్నడిగితే సగం మందికి అదే చాలు. కానీ ఎవరూ దాన్ని అడగరు, అందులో ఎర్ర లైటు లేదు కదా.

చుక్క సైజు రెండు ఎం.ఓ.ఏ. (కోణాన్ని కొలిచే చిన్న కొలత) తీసుకోండి. అంటే వంద మీటర్లలో దాదాపు ఆరు సెంటీమీటర్లు కప్పుతుంది. ఆరు ఎం.ఓ.ఏ. చుక్కలు పిస్టళ్లకు బాగుంటాయి, రైఫిల్‌కి టార్గెట్ మొత్తాన్నీ మింగేస్తాయి.

ఇప్పుడు దవడ సంగతి. ఈ విషయంలో పాత కర్రకూ కొత్త ఆప్టిక్‌కూ నిజంగానే పొత్తు కుదరదు. తాతగారి బట్టు ఇనప సైట్ల ఎత్తుకు చెక్కింది. డాట్ బొటనవేలంత పైకి లేస్తుంది. చెంప కర్రకు ఆనిస్తే డాట్ కనపడదు, డాట్ కోసం తల ఎత్తితే చెంప గాల్లో ఉంటుంది. ప్రతిసారీ తల ఒక్కో చోట పెడతారు, గురి ఒక్కో చోటికి పోతుంది. దీనికీ కర్ర మార్చక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం నంబర్ 4 ఎన్‌ఫీల్డ్‌కు స్కోపు పెట్టి స్నైపర్ రైఫిల్ చేసినప్పుడు కూడా కర్ర మార్చలేదు, బట్టు మీద చెంప కోసం ఒక చెక్క ముక్క స్క్రూలతో బిగించారు. మీకు స్క్రూలు కూడా వద్దు. బట్టు చుట్టూ తొడిగి తాడుతో బిగించే తోలు తొడుగు కుట్టించుకోండి, లోపల గట్టి ఫెల్టు పొరలు. ఎంత మందం కావాలో ఇలా చూడండి: మ్యాగజైన్, చాంబర్ రెండూ ఖాళీ అని చూసుకుని, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి చెంప ఆనించండి. కళ్లు తెరవగానే చుక్క కనపడాలి. కనపడకపోతే ఇంకో పొర వేయండి. వానాకాలంలో మాత్రం ఆ తొడుగు తీసి ఆరబెట్టాలి. తోలు తేమను పట్టి ఉంచి కింద పాలిష్ తినేస్తుంది. తోలు కవరులో రైఫిల్‌ను నెలల తరబడి ఉంచకూడదనడానికీ కారణం ఇదే.

బిగించేటప్పుడు స్క్రూలనూ బెజ్జాలనూ నూనె లేకుండా అసిటోన్‌తో తుడవాలి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ చుక్క వేయాలి, ఎర్రది వద్దు, అది తర్వాత వేడి చేస్తే గాని ఊడదు. మౌంటుతో వచ్చిన కాగితంలో రాసిన టార్క్‌కే బిగించాలి. మనవాళ్లకు "ఇంకొంచెం" అనేది ఒక జబ్బు, ఆ ఇంకొంచెంలోనే సన్న స్క్రూల తలలు తెగుతాయి. ఆఖరుకు స్క్రూ తల మీదుగా మౌంటు మీదికి గోళ్ల రంగుతో సన్న గీత గీయండి. గీత విరిగినట్టు కనపడితే స్క్రూ కదిలినట్టు. మౌంటు కింద, మీరు ఇక చూడలేని చోట, పలచగా నూనె పొర ఉండాలి. ఉప్పు గాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది.

జీరో చేయడానికి రౌండ్లు తగలేయకండి, .315 రౌండు ఎంత పలుకుతోందో మీకు తెలుసు. ముందు ఇంట్లోనే సగం పని అయిపోతుంది. రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, తూటా నెట్టే బోల్టు బయటికి తీయండి. రైఫిల్‌ను బియ్యపు మూటల మీద కదలకుండా పెట్టి, వెనకనుంచి బ్యారెల్‌లోంచి చూస్తే గుండ్రటి వెలుగు కనపడుతుంది. పాతిక మీటర్ల దూరంలో గోడ మీద ఒక తెల్ల కాగితం అంటించి, అది ఆ గుండ్రటి నడుమకు వచ్చేలా సర్దండి. ఇప్పుడు రైఫిల్‌ను కదపకుండా డాట్‌ను కాగితం మీదికి తిప్పుకోండి. తర్వాత లైసెన్స్ ఉన్న రేంజికి వెళ్లి అదే పాతిక మీటర్లలో మూడు రౌండ్లు. బ్యారెల్‌లో నూనె ఉంటే మొదటి రౌండు వేరే చోటికి పోతుంది, కాబట్టి ముందు పొడి గుడ్డతో తుడవండి.

లెక్క దగ్గర అందరూ తప్పుతారు. ఒక క్లిక్కు ఒక ఎం.ఓ.ఏ. అయితే వంద మీటర్లలో 2.9 సెంటీమీటర్లు జరుగుతుంది, పాతిక మీటర్లలో ఏడు మిల్లీమీటర్లే. తూటా ఏడు సెంటీమీటర్లు పక్కకు పడితే పది క్లిక్కులు తిప్పాలి. జనం రెండు మూడు తిప్పి "ఇది పనిచేయట్లేదు" అంటారు.

కాగితాల సంగతి. స్కోపు, డాట్ అనేవి చట్టం దృష్టిలో తుపాకీ కాదు. సైలెన్సర్ మాత్రం ఆ నిర్వచనంలోనే ఉంది, శబ్దాన్నీ మంటనూ తగ్గించే ఏ సామానైనా తుపాకీతో సమానం. ఎవరైనా "డాట్‌తో పాటు ఇది కూడా" అని అంటగడితే దండం పెట్టి వచ్చేయండి. మీ లైసెన్స్ పంట కాపలాకే కావచ్చు, కానీ 1972 వన్యప్రాణి చట్టం కింద అడవిపందిని కూడా అనుమతి లేకుండా కాల్చకూడదు. డాట్ పెట్టించారు కదా అని ఉత్సాహపడొద్దు.

ఎవరూ చెప్పని చిక్కు ఇంకోటి: ఎలక్షన్లు. కోడ్ వస్తే రైఫిల్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. అక్కడ మీ డాట్‌ను ఎవరూ దిండు మీద పెట్టరు. ఒకాయన రైఫిల్ రెండు నెలల తర్వాత తిరిగొస్తే డాట్ అద్దం పగిలి ఉంది, లోపల బ్యాటరీ కారి పచ్చగా చిలుము పట్టింది. అడిగితే రసీదులో డాట్ రాసి లేదన్నారు. నిజమే, రాయించుకోలేదు. అందుకే స్క్రూడ్రైవర్ లేకుండా చేత్తో ఊడదీసే మీట ఉన్న మౌంటు తీసుకోండి. డిపాజిట్‌కు వెళ్లేముందు డాట్ తీసి ఇంట్లో పెట్టండి, బిళ్ల బ్యాటరీ కూడా తీసేయండి. మళ్లీ బిగించాక ఒక మూడు రౌండ్లు సరిచూసుకోండి, ఎంత మంచి మౌంటైనా.

మీ అబ్బాయి ఎయిర్ రైఫిల్ వేరే కథ. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉంటే 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. బ్యారెల్ విరిచి స్ప్రింగు ఎక్కించే రకం అయితే, చిన్నదే కదా అని తక్కువ రకం స్కోపు పెట్టకండి. అది ముందు వెనక్కి తన్ని, పిస్టన్ ఆగగానే మళ్లీ ముందుకు తన్నుతుంది. ఒక్క దిక్కు తన్నుకు చేసిన స్కోపు లోపలి తీగలు ఆ రెండో తన్నుకు ఊడిపోతాయి. ఎయిర్ రైఫిల్‌కు అని రాసి ఉన్నదే కొనండి. 11 మిల్లీమీటర్ల గాడిలో మౌంటు వెనక్కి జారకుండా ఆపే స్టాప్ పిన్ను ఉండాలి.

మీ .315 వెనక సైటు దిమ్మను పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి పంపండి. నంబర్ 1 ఎన్‌ఫీల్డ్ కోసం బయటి దేశాల్లో చేసే మౌంటు మీ దిమ్మ మీద కూర్చుంటుందో, లేక గన్‌స్మిత్ చేత చిన్న పలక చేయించాలో ఆ కొలతలు చూస్తేనే తెలుస్తుంది. రైఫిల్ నంబరు మాత్రం ఫొటోలో కనపడకుండా వేలు అడ్డం పెట్టండి.